ధారణ వేళకు వచ్చినవాళ్ళం

(రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం ఇది. తడబాట్లు తీసేశాం, మిగతాది అలాగే ఉంచాం. ముందురోజు ‘ద లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా’ అనే కార్టూన్ సీరియల్ మొదటి రెండు భాగాలు వేసి, చూసినవాళ్ళ చేత అభిప్రాయాలు చీటీల మీద రాయించాం. మాట్లాడినావిడ డబ్బింగ్ రచయిత్రి.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. నేను డబ్బింగుకి మాటలు రాసేదాన్ని, మాట వినపడకపోతే నాకు కడుపులో తిప్పుతుంది.

నిన్న మీరు రాసిచ్చిన చీటీలు ఇంటికి పట్టుకెళ్ళి రాత్రి కూర్చుని చదివాను. కొన్ని రెండు మాటలు, కొన్ని రెండు పేజీలు. ఒకాయన చీటీ వెనకాల సామాన్ల జాబితా కూడా ఉంది. కందిపప్పు, ఇంగువ, బట్టల సబ్బు. తెచ్చుకున్నారో లేదో మరి. చీటీ నా దగ్గరుంది, వెళ్ళేటప్పుడు తీసుకోండి.

అవన్నీ చదివాక నాకు ఒకటనిపించింది. నిన్న ఈ హాల్లో రెండు ఊళ్ళవాళ్ళు కూర్చున్నారు. ఒక ఊరు ఈ సీరియల్ ఏ పాచికల ఆటలోంచి పుట్టిందో ఆ ఆట తెలిసినవాళ్ళది, ఇంకో ఊరు తెలియనివాళ్ళది. ఇద్దరూ ఒకే బొమ్మ చూశారు, కానీ ఇద్దరికీ ఒకే బొమ్మ కనపడలేదు. తెలియనివాళ్ళేమో “ఇది మామూలు కథే కదా, ఏముందిందులో?” అని రాశారు. తెలిసినవాళ్ళలో ఒక అబ్బాయి, చేతిరాత చూస్తే అబ్బాయే అనుకున్నాను, అమ్మాయైతే క్షమించాలి, ఒకే ఒక్క మాట రాశాడు: “పాచికలు ఎక్కడ?”

ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ ఒక్క చీటీ గురించే అనుకోండి.

ముందు ఆట తెలియని ఊరివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. తెలిసినవాళ్ళు కాసేపు ఓపిక పట్టండి. 1974లో అమెరికాలో ఒక ఆట వచ్చింది, డంజన్స్ అండ్ డ్రాగన్స్. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో ఉండే గ్యారీ గైగాక్స్, మిన్నెసోటాలో ఉండే డేవ్ ఆర్నెసన్, వీళ్ళిద్దరూ కలిసి చేశారు. మొదటిసారి వేసింది వెయ్యి పెట్టెలు, అంతే. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కళ్ళు ఒక్కో పాత్ర. ఒకరు మాత్రం కథ నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మన నాటకంలో సూత్రధారుడి లాంటివాడు అని చెప్దామనుకున్నాను. కానీ కాదండీ. సూత్రధారుడికి నాటకం ఎలా ముగుస్తుందో తెలుసు. ఈయనకి తెలీదు. ఎవరికీ తెలీదు. ఎందుకంటే మధ్యలో పాచిక ఉంది. ఇరవై ముఖాల పాచిక.

“నేను గోడ దూకుతాను” అంటావు. సరే, వెయ్యి పాచిక. ఇరవై పడిందా, పిల్లిలా దూకావు. ఒకటి పడిందా, పంచె మేకుకి పట్టుకుని గోడ మీదే వేలాడుతున్నావు. దూకాలనుకున్నది నువ్వు, వేలాడదీసింది పాచిక. ఆ వేలాడటాన్ని కథలో ఎలా ఇమడ్చాలా అని అందరూ కలిసి తంటాలు పడటమే ఆట.

నా అనుభవం ఒకటి చెప్పాలి. మా అక్క కొడుకు వాళ్ళ స్నేహితులతో ఆదివారాలు ఆడతాడు. ఒక ఆదివారం ఒకడు రాలేదు. “పిన్నీ, నువ్వు కూర్చో, మాటలు బాగా రాస్తావుగా” అన్నాడు. నాకు బార్డ్ పాత్ర ఇచ్చారు. బార్డ్ అంటే పాటలు పాడుతూ మంత్రాలు వేసేవాడు. కోట గుమ్మం దగ్గర కాపలావాడున్నాడు, వాణ్ణి మాటలతో బుట్టలో వెయ్యాలి. నేను ఇరవై ఏళ్ళ నుంచి హీరోలకి, విలన్లకి, వాళ్ళ అమ్మలకి మాటలు రాసినదాన్ని. గొంతు సవరించుకుని ఒక డైలాగ్ చెప్పాను చూడండీ, పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. “సరే పిన్నీ, పాచిక వెయ్యి” అన్నాడు మావాడు.

ఒకటి పడింది.

కాపలావాడికి నా మాట తిట్టులా వినపడిందట! నన్ను పట్టుకుని కొట్లో పడేశాడు. మిగతా ఆట అంతా నన్ను విడిపించడమే. ఆ రోజు వాళ్ళు గెలిచారో ఓడారో ఒక్కళ్ళకీ గుర్తులేదు. నా కొట్టు మాత్రం ఇప్పటికీ ప్రతి పండక్కీ వడ్డిస్తారు. ఎందుకంత గుర్తుంది? ఆ ఒకటి పడటం అందరూ కళ్ళారా చూశారు కాబట్టి. ఎవరో రాసింది కాదు కాబట్టి. అవునా కాదా?

ఇప్పుడు అసలు చిక్కు చెప్తాను. టీవీలో పాచిక లేదు. తెర మీద హీరో కాలు జారితే, జారాలని ఎవరో ముందే రాశారు. జారే కాలుని పన్నెండు మంది కూర్చుని గీశారు, రంగు వేశారు, సంగీతం కలిపారు. అక్కడ అదృష్టం అన్నది లేనే లేదు. మరి అదృష్టమే ప్రాణమైన ఆటని, అదృష్టం అన్నదే లేని చోటికి ఎలా తీసుకెళ్తావు?

మీలో అవధానాలకి వెళ్ళినవాళ్ళు ఎంతమంది? చాలామందే ఉన్నారు, బాగుంది. నిషిద్ధాక్షరి గుర్తు చేసుకోండి. అవధాని ఒక అక్షరం చెప్తాడు. పృచ్ఛకుడు “తర్వాత ర వద్దు” అంటాడు. అవధాని ఇంకో దారి పడతాడు. “అయితే మ కూడా వద్దు” అంటాడు పృచ్ఛకుడు. ఆ దారీ మూసేస్తాడు. సందు దొరికించుకుని అవధాని ఎక్కడో బయటకి వస్తాడు. హాలంతా ఆహా అంటుంది. ఆ ఆహా దేనికి? పద్యానికా? పద్యం ఇంకా సగం కూడా రాలేదే! ఆ దారి మూయడం, ఈయన ఇంకో దారి తియ్యడం, దానికి ఆ ఆహా.

చివర్లో ధారణ ఉంటుంది. నాలుగు పాదాలూ అవధాని ఏకబిగిన చదివేస్తాడు. ఎవరో ట్రాఫిక్‌లో ఇరుక్కుని సరిగ్గా ధారణ వేళకి వచ్చారనుకోండి. ఏం వింటారు? ఒక పద్యం వింటారు. “బాగానే ఉందండీ, పోతనంత కాదు” అంటారు. వాళ్ళ తప్పు లేదు. వాళ్ళు విన్నది పద్యమే, అవధానం కాదు.

నిన్న ఆట తెలియని ఊరివాళ్ళు ధారణ వేళకి వచ్చారు. “మామూలు కథే కదా” అన్న చీటీలు నిజాయితీగా రాసినవి. నేను వాటిని కొట్టెయ్యను.

ఈ వాక్స్ మాకినా వాళ్ళ కథ చూడండి. లాస్ ఏంజిలిస్‌లో డబ్బింగ్ కళాకారులు కొందరు, నా కులం వాళ్ళే అనుకోండి, వృత్తి కులం. 2012లో లియమ్ ఓబ్రయన్ పుట్టినరోజుకి సరదాగా ఒక పూట ఆట వేసుకున్నారు. మాథ్యూ మెర్సర్ కథ నడిపాడు. ఒక పూట అనుకున్నది ఆగలేదు. 2015 మార్చి 12న ఆ ఆటనే కెమెరా ముందు ఆడటం మొదలుపెట్టారు, ఇంటర్నెట్లో నేరుగా. దాని పేరు క్రిటికల్ రోల్. వారానికోసారి మూడు నాలుగు గంటలు కూర్చుని ఆడుకుంటూ ఉంటే లోకం చూస్తూ ఉండటం! మా వదినకి చెప్తే “ఎవరో పేకాడుతుంటే వెనకాల నుంచుని చూసేవాళ్ళు మన వీధిలో లేరా?” అంది. ఉన్నారు. ఆ మొదటి కథ 2017 అక్టోబరు దాకా నడిచింది, 115 భాగాలు. వందల గంటల మాట.

ఒక చీటీలో “ముందు అవన్నీ చూడాలా?” అని అడిగారు. వద్దండీ. ఉద్యోగాలు పోతాయి.

తర్వాత 2019 మార్చిలో వీళ్ళు కిక్‌స్టార్టర్ అని ఇంటర్నెట్లో చందాలు పోగుచేసే చోట చందా అడిగారు. మా కథని ఒక ఇరవై రెండు నిమిషాల కార్టూన్ చేసుకుంటాం, ఏడున్నర లక్షల డాలర్లు కావాలి అన్నారు. గంట తిరక్కుండా వచ్చేశాయి. నలభై అయిదు రోజులయ్యేసరికి లెక్క కోటీ పదమూడు లక్షల డాలర్లు దాటింది. ఇచ్చినవాళ్ళు 88,887 మంది. ఇరవై రెండు నిమిషాలు కాస్తా పది భాగాలైంది. ఆ నవంబరులో అమెజాన్ వచ్చి ఇంకో రెండు కలిపి పన్నెండు చేసి, రెండో సీజన్ కూడా చెయ్యమంది. బొమ్మలు గీసింది టిట్‌మౌస్ స్టూడియో. 2020లో రావాల్సింది 2022 జనవరి 28కి వచ్చింది. ఆ ఇరవై రెండు నిమిషాల ముక్కే పెరిగి పెరిగి మీరు నిన్న చూసిన రెండు భాగాలైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఇలా మొదట తీసే ముక్కని పైలట్ అంటారు. పైలట్ అంటే ఏమిటి? మామూలుగా ఛానల్‌వాళ్ళకి చూపించడానికి తీసే మచ్చు. అన్నం ఉడికిందా అని పట్టి చూసే మెతుకు. మరి ఇక్కడ? తినేవాళ్ళు ముందే డబ్బు కట్టి విస్తళ్ళు వేసుకుని కూర్చున్నారు! మెతుకు ఎవరు చూడాలి? ఆ ఎనభై ఎనిమిది వేలమందికి ప్రతి పాత్రా బంధువే. అమెజాన్లో కొత్తగా వచ్చేవాళ్ళకి ఎవరూ తెలీదు. వీళ్ళని మెప్పిస్తే వాళ్ళకి అర్థం కాదు, వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్తే వీళ్ళకి విసుగు. పెళ్ళిలో అటు చుట్టాలూ ఇటు చుట్టాలూ లాంటి గొడవ.

ఏం చేశారంటే, నాకు ఇది చాలా నచ్చింది, కెమెరా ముందుకు రాకముందు ఇంట్లో ఆడుకున్న కథ తీశారు. బ్రిమ్‌సైత్ అనే నీలం డ్రాగన్ కథ. 2015లో కెమెరా పెట్టేసరికి ఆ డ్రాగన్ చచ్చి చాలా రోజులైంది. పాత అభిమానులు దాని గురించి విన్నారే కానీ చూడలేదు. అంటే పాతవాళ్ళకీ కొత్తవాళ్ళకీ ఇద్దరికీ కొత్త కథే. రెండు పంక్తులూ ఒకేసారి విస్తరి ముందు కూర్చున్నట్టయింది. ఇది రచయితల తెలివి. డబ్బు పెట్టి కొనలేని తెలివి.

ఇదే చిక్కుకి వేరేవాళ్ళు వేరే ఉపాయాలు పట్టారు, రెండు చెప్పి ముందుకెళ్తాను. 1983లో అమెరికాలో సీబీఎస్ ఛానల్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతోనే పిల్లల కార్టూన్ వచ్చింది. కొందరు పిల్లలు ఎగ్జిబిషన్లో బండి ఎక్కి, ఇంకో లోకంలో పడిపోతారు. ఆ పడటం మొదటి ఎపిసోడ్‌లో ఉంటుందనుకుంటారా? లేదు! ప్రతి వారం పేర్లు పడేటప్పుడు చూపిస్తారు. వాళ్ళ పైలటంతా టైటిల్ పాటలోనే అయిపోయింది. కథ నేరుగా మధ్యలోంచి మొదలు. ఇరవై ఏడు భాగాలు నడిచి ఆగిపోయింది. ఇంటికి చేరే ఆఖరి భాగం రాశారు కానీ తియ్యలేదు. ఆ పిల్లలు ఇంకా ఆ లోకంలోనే ఉన్నారు, పాపం. ఇప్పుడు వాళ్ళకి యాభై దాటి ఉంటాయి.

రెండోది జపాన్‌ది, రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్. ఇది నాకు ఇంకా ఇష్టం. ఎందుకంటే అది అచ్చంగా మనం ఇప్పుడు చేస్తున్న పనిలోంచి పుట్టింది. ఈ అబ్బాయి నా మాటలు రికార్డు చేస్తున్నాడు కదా, రానివాళ్ళ కోసం టైపు చేస్తానన్నాడు. అలాగే 1986లో రియో మిజునో బృందం వాళ్ళు ఆడుకున్న ఆటని ఉన్నదున్నట్టు రాసి కాంప్‌టీక్ అనే పత్రికలో వేశారు. జనం ఎగబడి చదివారు. అది నవలైంది, 1990లో బొమ్మల సినిమా భాగాలుగా వచ్చింది, పదమూడు. అందులో డీడ్‌లిట్ అని ఒక ఎల్ఫ్ అమ్మాయి, లోకమంతా ఆ అమ్మాయి బొమ్మలు గీసుకుంది. ఆటలో ఆ పాత్ర ఆడింది ఎవరనుకున్నారు? హిరోషి యమమోటో అనే మగ రచయిత! మనకేం వింతండీ, స్థానం నరసింహారావుగారి సత్యభామని చూసిన జాతి మనది.

ఆ లోడాస్ మొదటి భాగం ఎలా మొదలవుతుందంటే, కథ మధ్యలో. వీళ్ళందరూ అప్పటికే స్నేహితులు, గుహలో నడుస్తుంటారు. ఎలా కలిశారో తర్వాత చెప్తారు. అంటే అందరికీ ఇదే భయం. “ఏడుగురు ముక్కూమొహం తెలియనివాళ్ళు సత్రంలో కలిశారు” అని మొదలుపెడితే చూసేవాళ్ళు లేచిపోతారని.

సరే, మన చీటీలకి వద్దాం. ఎక్కువ చీటీల్లో ఉన్నది ఒకటే. “ఇంత బూతా?”

అవునండీ, ఉంది. పెద్దలకని తీసిందే. ఇక్కడ పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళు మధ్యలో బయటకి తీసుకెళ్ళారు, చూశాను, ముందే చెప్పి ఉండాల్సింది, పొరపాటు నాది. తాగుడు, కొట్లాట, రక్తం, నోటికొచ్చిన తిట్లు. ఒక పెద్దాయన “వీరులంటే ఇలా ఉంటారా?” అని రాశారు. ఆయనకి ఒక మాట గుర్తు చేస్తాను. మీరు తోలుబొమ్మలాట చూసే ఉంటారు. తెర మీద రాముడు, సీత, అంతా భక్తి. మధ్యలో ఎవరొస్తారు? కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు. వాళ్ళ మాటలు ఇప్పుడు ఇక్కడ మైకులో చెప్పగలనా నేను? చెప్పలేను. మన తాతలు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెల్లార్లూ విన్నారు. బూతు కొత్త కాదు మనకి.

అయితే తేడా ఒకటుంది. కేతిగాడు నిద్రపోయేవాళ్ళని లేపడానికి వస్తాడు, పని చూసుకుని వెళ్ళిపోతాడు. వాక్స్ మాకినా మొదటి భాగంలో బూతు వెళ్ళదు. కొత్తగా వచ్చినవాడి చొక్కా పట్టుకుని “చూడు, కార్టూనంటే పిల్లలదనుకున్నావేమో, కాదు, చూడు చూడు” అని ఊపేస్తుంటుంది. అంత ఆత్రం దేనికి? నాకు నచ్చలేదు. బల్ల దగ్గర స్నేహితులు నోరు జారితే నవ్వొస్తుంది, ఎందుకంటే అది జారింది. ఇక్కడ జారలేదు, రాశారు. మళ్ళీ అదే గొడవ, పాచిక లేని గొడవ.

ఇంకో ఫిర్యాదు: “ఏడుగురి పేర్లు గుర్తుండలేదు.” నాకూ ఉండలేదు మొదటిసారి. వెక్స్, వాక్స్ అని కవలలు, పైగా జట్టు పేరులో కూడా వాక్స్! కీలెత్, పెర్సీ, గ్రాగ్, పైక్, స్కాన్లన్. కానీ నిన్న కళ్ళు మూసుకుని విన్నారా ఎవరైనా? మీరు వినరు, నాకది వృత్తి జబ్బు. డబ్బింగులో మాకు బొమ్మ ముందుంటుంది. పెదవి ఎప్పుడు మూసుకుంటే అప్పుడు ప, బ, మ వెయ్యాలి. పాత్రకి ఏడుపొస్తోంది, మాట మిగిలింది, పెదవి మూసేసింది, ఏం చేస్తావు? మింగుతావు. ఈ బొమ్మల పనిలో అంతా తిరగబడి ఉంటుంది. ముందు గొంతు, తర్వాత బొమ్మ. గొంతుని బట్టి ముఖం గీస్తారు.

మరి ఈ గొంతులు ఎవరివి? ఆడినవాళ్ళవే. వెక్స్‌కి లారా బెయిలీ, వాక్స్‌కి లియమ్ ఓబ్రయన్, గ్రాగ్‌కి ట్రావిస్ విల్లింగ్‌హామ్, పైక్‌కి ఆష్లీ జాన్సన్, కీలెత్‌కి మారిషా రే, స్కాన్లన్‌కి శామ్ రీగల్. 2012లో పుట్టిన పాత్రలు 2022లో తెర మీదకొచ్చాయి. అంటే ఏమిటన్నమాట? మొదటి ఎపిసోడ్‌లోనే ఆ గొంతులకి పదేళ్ళ వయసుంది. కొత్త సీరియల్ ఏదైనా చూడండి, నటులు మొదటి రెండు మూడు భాగాలు పాత్రని వెతుక్కుంటూ ఉంటారు. వీళ్ళు వెతుక్కోరు. కవలలిద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళు మధ్యలో అందుకుంటారు చూడండి, అది రాస్తే వచ్చేది కాదు. వందల గంటలు పక్కపక్కన కూర్చుంటే వచ్చేది. ఆ అబ్బాయి “పాచికలు ఎక్కడ?” అన్నాడే, నా జవాబులో సగం ఇదే బాబూ. పాచికలు గొంతుల్లో ఉన్నాయి. పాచిక పడ్డప్పుడల్లా నవ్విన నవ్వు, ఏడ్చిన ఏడుపు ఆ గొంతుల్లో పేరుకుని ఉంది.

జట్టుకి బయటివాళ్ళు వచ్చినప్పుడు ఆ తేడా ఇంకా తెలుస్తుంది. సేనాపతి క్రీగ్‌కి గొంతిచ్చింది డేవిడ్ టెనంట్, ఎంత గొప్ప నటుడు! మండలిలో అల్లూరా అనే మంత్రగత్తెకి ఇందిరా వర్మ. వాళ్ళు బ్రహ్మాండంగా చెప్పారు. చెప్పారు, అంతే. వీళ్ళేమో మాట్లాడుకుంటున్నారు.

“విలన్ ఎవరో ముందే తెలిసిపోయింది” అని ముగ్గురు రాశారు. అవును, తెలిసిపోతుంది. డ్రాగన్ దగ్గరుంటే వెక్స్‌కి తలలో ఏదో మోగుతుంది, రాజుగారి మండలిలో మోగింది, ఉన్నవాళ్ళే నలుగురైదుగురు. ముందు ఒకణ్ణి అనుమానిస్తారు, ఆయన కాదని మనకి ఇట్టే తెలుస్తుంది. పెద్ద పేరున్న నటుడు సేనాపతికి గొంతిచ్చాక ఇంకెవరవుతారు? ఇది బలహీనతే. డ్రాగన్ బొమ్మ మిగతా బొమ్మల్లో కలవలేదని ఇంకొకరు రాశారు. నిజం. దాని గురించి అంతకన్నా చెప్పేది లేదు.

నాకు ఈ రెండు భాగాల్లో ప్రాణం ఎక్కడుందో చెప్తాను.

మొట్టమొదటి దృశ్యం గుర్తుందా? దేశానికి ఆపద, వీరులు కావాలి అని గంభీరంగా మొదలవుతుంది. వీరులు వస్తారు, చక్కగా కవచాలూ కత్తులూ. వీళ్ళే హీరోలు కాబోలు అనుకుంటాం. చిటికెలో అందరూ పోతారు! హాలంతా ఉలిక్కిపడ్డారు నిన్న, ఒకావిడ పెద్దగా నవ్వారు కూడా. అదిగో, అక్కడ పాచిక ఉంది. ఈ లోకంలో కవచం వేసుకున్నవాడికి కూడా ఒకటి పడొచ్చు అని చెప్పడం అది. మన హీరోలు రాకముందే మన చేత ఒకటి వేయించారు.

రెండోది, వీళ్ళు డ్రాగన్‌ని మొదటిసారి ఎదుర్కోవడం. డబ్బుల్లేక, తాగిన బాకీ తీర్చలేక ఒప్పుకున్న పని అది. వీరత్వం కాదు, కూలి. వెళ్తారు, చిత్తుగా ఓడిపోతారు. ఊరు దక్కదు. వీళ్ళు మాత్రం బతుకుతారు. తర్వాత కాసేపు ఎవరూ జోకు వెయ్యరు. గమనించారా? అప్పటిదాకా నోరు మూయని ఏడుగురు! ఆ మౌనం దగ్గర నేను కుర్చీలో ముందుకు జరిగాను. ఆట ఆడినవాళ్ళకి ఆ మౌనం తెలుసు. బల్ల మీద ఒకటి పడ్డాక, డంజన్ మాస్టర్ గొంతు తగ్గించి “సరే... ఇప్పుడు ఏం జరిగిందంటే...” అనే ముందు ఒక క్షణం ఉంటుంది చూడండి, అది. అక్కణ్ణుంచి వాళ్ళు డబ్బు కోసం కాక ఇంకెందుకో వెనక్కి వెళ్తారు. మంచివాళ్ళు కాబట్టి వెళ్ళలేదు, ఓడిపోయారు కాబట్టి వెళ్ళారు. మొదటి నుంచీ మంచివాళ్ళుగా రాసి ఉంటే నేను ఇవాళ మీ ముందుకి వచ్చేదాన్ని కాదు.

రెండో భాగంలో డ్రాగన్‌ని చంపే పోరాటం బాగా తీశారు. ఒకళ్ళ దెబ్బకి ఇంకొకళ్ళ దెబ్బ అందుతుంది. వంతులవారీగా ఆడే ఆటలోని అల్లిక అది. అయితే నాకు ఓటమి గుర్తుంది, గెలుపు అంతగా గుర్తులేదు. గెలిస్తే ఒక కోట ఇచ్చారు, అంతే కదా?

ఇంకో చిన్న సంగతి, పిల్లలడిగారు. “ఆటలో ఉన్న దేవతల పేర్లు ఇందులో మార్చారెందుకు?” వీళ్ళు ఇంట్లో ఆడినప్పుడు పాత్‌ఫైండర్ అనే వేరే ఆట నియమాలతో ఆడారు, కెమెరా ముందుకొచ్చాక డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో కూర్పుకి మారారు. పైక్ కొలిచే దేవత సారెన్‌రే. ఆ పేరు పాత్‌ఫైండర్ కంపెనీ వాళ్ళది. అందుకని ఇక్కడ ఎవర్‌లైట్ అయింది. దేవుడికి కూడా కాపీరైటుందండీ! మనవాళ్ళకి ఇది ముందే తట్టి ఉంటే పురాణ సినిమాలు ఎన్ని ఆగిపోయేవో.

చివరి చీటీ. “పైలటన్నారు, బాగుందో లేదో ఒక్క మాటలో చెప్పండి.” ఒక్క మాటలో చెప్పను, మూడు మాటల్లో చెప్తాను. మొదటి భాగం కొట్టుకులాడింది. రెండోది నిలబడింది. అసలు పైలట్ మూడోది. అమెజాన్‌వాళ్ళు కూడా మొదటిరోజు మూడూ కలిపే వదిలారు, ఊరికే కాదు. క్రిటికల్ రోల్ చూసినవాళ్ళకి ఎంతో ఇష్టమైన బ్రయర్‌వుడ్ దంపతుల కథ అక్కడ మొదలవుతుంది. రాజుగారి విందు. వచ్చిన అతిథుల్లో ఒక జంట. పెర్సీ ఇంటిల్లిపాదినీ చంపిన జంట.

నిర్వాహకులు దయతలిచి అది ఇప్పుడు వేస్తామన్నారు. వేసేలోపు ఒక్కటి అడుగుతాను. పెర్సీకి గొంతిచ్చింది టాలీసిన్ జాఫీ. మొదటి రెండు భాగాల్లో ఆ గొంతు ఎంత పొడిగా, ఎంత మర్యాదగా ఉందో గుర్తుపెట్టుకోండి. విందులో ఆ జంట కనపడ్డాక బొమ్మని వదిలేసి అతని గొంతు వినండి. వీలైతే ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని.

కందిపప్పు చీటీ ఆయన ఎవరండీ? ఇదుగో, తీసుకోండి. ఆ వెనకాల లైటు ఆర్పేస్తావా బాబూ.